మా అమ్మ పలకని పేరు

మా ఊరిని ఊరనాలో బస్టాండనాలో నాకిప్పటికీ తెలియదు. శబరి ఒడ్డున, బస్తర్ చిట్టచివర ఉంటుంది. నది దాటితే ఒడిశా. హైవే పట్టుకుని కిందికి దిగితే ఆంధ్ర, ఇంకాస్త పోతే తెలంగాణ. లారీలు ఆగుతాయి, డ్రైవర్లు దిగి మొహం కడుక్కుని, టీ తాగి, ఉమ్మేసి వెళ్ళిపోతారు. అలా ఆగినవాళ్ళలో వెళ్ళిపోవడం చేతకానివాళ్ళంతా కలిసి కట్టుకున్న ఊరు మాది. నా నోట్లో చేదెక్కువ అంటారు మా వీధివాళ్ళు. అననీ. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎండుచేపల కంపులో బతికినదాన్ని, తీపి ఎక్కణ్ణుంచి తేను?

మా ఊరికీ చరిత్ర ఉంది. అది బడిలో చెప్పేది కాదు. సాయంత్రాలు కిరాణా కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని పెద్దమనుషులు చెప్పుకునేది. గోదావరి వైపు నుంచి మొదట బండి కట్టుకుని ఎవరొచ్చారు, ఎవరు ఎక్కడ పాక వేశారు, ఏ వరదకి నీళ్ళు ఏ గుమ్మం దాకా వచ్చాయి, ఎవరి కొట్టు కొట్టుకుపోయింది, ఇదంతా వాళ్ళకి కంఠతా వచ్చు. అందులో వాళ్ళు మురిసిపోతూ చెప్పే ముక్క ఒకటుంది. ఆ రోజుల్లో అడవివాళ్ళు గంపెడు సారపప్పు తెచ్చి పోసి, దాని బదులు ఉప్పు పట్టుకుపోయేవాళ్ళట. "కొలతకి కొలత!" అని తొడ చరుచుకుని మరీ నవ్వుతారు. సారపప్పు ఏ ధర పలుకుతుందో, ఉప్పు ఏ ధర పలుకుతుందో తెలిసిన ఎవరికైనా ఆ నవ్వు వింటే ఒళ్ళు మండాలి. నాకు మండుతుంది.

ఆ చరిత్రలో కొట్లవాళ్ళందరికీ పేర్లున్నాయి, ఇంటిపేర్లతో సహా. ఉప్పు పట్టుకుపోయినవాళ్ళకి మాత్రం లేవు. అడవి నుంచి వచ్చిన మనిషిని పేరు పెట్టి పిలవడం మా ఊళ్ళో అలవాటు లేదు. ఆడదైతే "ఏ అమ్మీ", మగవాడైతే "ఏ దాదా". మరీ గుర్తు పట్టాలంటే వాళ్ళ పల్లె పేరు. ఫలానా పల్లె వచ్చింది, కేజీ నూనె ఇవ్వరా, అంటారు. పల్లె నడిచొచ్చి నూనె అడిగినట్టు. ఇందులో తప్పుందని ఎవరికీ తోచదు. వచ్చినవాళ్ళు కూడా ఏమీ అనరు, తలవంచుకుని సీసా ముందుకు చాపుతారు.

మాది ఎండుచేపల వ్యాపారం. కాకినాడ వైపు నుంచి బస్తాల్లో దిగేవి, నెత్తళ్ళు, ఎండురొయ్యలు, ఉప్పుచేపలు. నాన్న బస్తాల సంగతి చూసుకునేవాడు. వారపు సంతలో గోనెపట్టా పరుచుకుని కూర్చునేది అమ్మ. పెళ్ళయి వచ్చిన కొత్తలో అమ్మకి హిందీ రాదు, గోండీ రాదు. అడవిలో ఉండే దోర్లవాళ్ళ మాట తెలుగులాగే వినబడేది కానీ సగం అర్థమయ్యేది కాదు. పక్కనున్న చీరల కొట్టావిడ మా బస్తాలు విప్పగానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. "ఇంటిపేరు కస్తూరివారు, ఇంట్లో గబ్బిలాల కంపు" అని నాన్నని ఆటపట్టించేవాళ్ళు. నాన్న నవ్వి ఊరుకునేవాడు. అమ్మ మాత్రం ఇంటికొచ్చి సబ్బు అరిగిపోయేదాకా చేతులు రుద్దుకునేది.

అలాంటి రోజుల్లో ఒక వానాకాలపు సంతలో ఉన్నట్టుండి వాన దంచికొట్టింది. ఎండుచేప తడిసిందంటే ఇక పనికిరాదు, పురుగు పడుతుంది, పెంటలో పారబోయాలి. అమ్మ కొంగుతో సగం కప్పేసరికి రెండో సగం తడుస్తోంది. చేపలు కొనడానికి వచ్చి నిలబడ్డ ఒక దోర్ల పిల్ల, అమ్మ ఈడుదే, తన తలమీద ఉన్న తాటాకు గొడుగు తీసి చేపల మీద బోర్లించింది. తను వానలో నిలబడి తడుస్తోంది. "ఓసినీ, నువ్వు తడుస్తున్నావ్ కదే" అని అమ్మ అంటే, "నేను ఆరుత. నీ చేప ఆరదు గద" అందట. ఈ మాట చెప్పినప్పుడల్లా అమ్మ కొత్తగా విన్నట్టు నవ్వేది.

బస్తర్‌లో ఒక ఆచారం ఉంది. ఇద్దరు మనుషులు, కులం వేరైనా, మాట వేరైనా, తోబుట్టువుల కంటే దగ్గర కావాలనుకుంటే పెద్దల ముందు ఒక పువ్వో, ప్రసాదమో మార్చుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరినొకరు ఆ పువ్వు పేరుతోనే పిలుచుకోవాలి. అసలు పేరు ఇక జన్మలో నోటితో అనకూడదు. అన్నారా, ముడి తెగినట్టే. పైగా ఎవరి పేరు అన్నారో వాళ్ళకి ఆయుష్షు తక్కువవుతుందని మా అమ్మకి ఆ దోర్ల పల్లె పెద్దలు మరీ మరీ చెప్పారు. ఒకరింట్లో పుట్టుక, చావు, పస్తు, పండగ ఇంకొకరింటివి కూడా అవుతాయి. అమ్మా, ఆ గొడుగు పిల్లా బంతిపువ్వు మార్చుకున్నారు. ఆమె పల్లెలో, కొబ్బరికాయ కొట్టి చెరో చెక్క తిని. అమ్మ ఆమెని "బంతీ" అనేది. ఆమె అమ్మని "బంతీ" అనేది. మేము బంతమ్మ అనేవాళ్ళం.

సంతలో ఆ చివర నుంచి ఒకరు, ఈ చివర నుంచి ఒకరు "బంతీ!" అని కేక పెడితే జనం నవ్వేవాళ్ళు. "మీ ఇద్దరి మధ్య నేను కూరలో కరివేపాకునైపోయాను" అని నాన్న దెప్పేవాడు. సంతరోజు పొద్దున్నే బంతమ్మ ముందు మా ఇంటికొచ్చేది. అరుగు మీద గంప దించి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా వంటింట్లోకి వెళ్ళి పీట వేసుకుని కూర్చునేది. చింతపండు, ఇప్పపువ్వు, వెదురుకొమ్ములు, ఆకుదొన్నెలో ఎర్రచీమల పచ్చడి, ఏ కాలానికి ఏది దొరికితే అది తెచ్చేది. నేను పుట్టినప్పుడు నాకు స్నానాలు పోసింది ఆవిడే. కాళ్ళు బార్లా చాపుకుని, వాటి మీద నన్ను పడుకోబెట్టుకుని, ఆ గోండీనో దోర్లీనో పాటలు పాడుతూ పోసేదట. నాకు చలిజ్వరం వస్తే ఆ వారం సంత మానుకుని నా పక్కన కూర్చుంది.

మా వీధిలో వాళ్ళకి ఇది మింగుడుపడలేదు. "అడవిదాన్ని వంటింట్లోకి ఎట్లా రానిస్తావమ్మా" అంది చీరల కొట్టావిడ ఒకరోజు మొహం మీదే. అప్పటికి మా అమ్మ నోటికి ఈ ఊరి మాట బాగా అలవాటైంది. "నా వంటిల్లు, నా బంతి. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అంది. మళ్ళీ ఆవిడ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత ఆ రోజులు వచ్చాయి. వాటి గురించి తెలిసినవాళ్ళు చాలా రాశారు, నేను ఆ జోలికి పోను. మా ఊరికి తెలిసింది ఇంతే. అడవిలో పల్లెలు ఖాళీ అవుతున్నాయి. రోడ్డు పక్కన శిబిరాలు వెలుస్తున్నాయి. తుపాకులు అడవిలో అన్నల పక్కా ఉన్నాయి, సర్కారు పక్కా ఉన్నాయి. పొద్దుగూకకముందే కొట్లు మూసేస్తున్నారు. సంతకి వచ్చే గంపలు తగ్గిపోయాయి. బంతమ్మ మాత్రం వస్తూనే ఉంది. "రాకే బంతీ, నాలుగు రోజులు ఆగు" అని అమ్మ బతిమాలితే, "ఉప్పు లేకుంట ఏం తింటం? నీ మొకం చూడకుంట ఎట్లుంట?" అనేది.

నాకప్పటికి పెళ్ళవడం, ఆయన పోవడం, నేను తిరిగి అమ్మ దగ్గరికి రావడం అన్నీ అయిపోయాయి. నాన్న కూడా పోయాడు. సంతలో అమ్మ పక్కన నేనే కూర్చునేదాన్ని. ఆ రోజు ఎండ బాగా ఉంది. కర్రలు, తుపాకులు పట్టుకున్న శిబిరాల మనుషులు వచ్చి సంత చుట్టూ నిలబడ్డారు. అడవి నుంచి వచ్చినవాళ్ళందరినీ చింతపండు కాటా పక్కన నేల మీద కూర్చోబెట్టారు. ఊళ్ళో మనిషి ఎవరైనా ముందుకొచ్చి, పేరు చెప్పి, ఈ మనిషి నాకు తెలుసు అంటే వదిలేస్తామన్నారు. చెప్పేవాళ్ళు లేకపోతే లారీ ఎక్కించి శిబిరానికి పంపుతారట. వాళ్ళ మంచికేనట.

చూడాలి మా ఊరి పెద్దమనుషుల మొహాలు! ఇన్నేళ్ళు వాళ్ళ చింతపండు కొన్నారు, వాళ్ళ ఇప్పపువ్వు కొన్నారు, వాళ్ళకి ఉప్పూ నూనే అమ్మారు. ఒక్కరి పేరూ ఒక్కరికీ తెలియదు. కొందరు భయపడి షట్టర్లు దించేశారు, వాళ్ళని ఏమీ అనను, భయం అందరికీ ఉంది. కానీ నిజంగా సాయం చేద్దామని ముందుకొచ్చినవాళ్ళు కూడా నోరు తెరిచి నిలబడిపోయారు. ఒకాయన తోచిన పేరేదో చెప్పాడు. అది తప్పు పేరని తేలి, ఆ దోర్ల మనిషిని ముందే లారీ ఎక్కించారు.

బంతమ్మకి ఏ బెంగా లేదు. గడ్డంతో మా పట్టా వైపు చూపించింది. నాకేంటి, నాకు మా బంతి ఉంది, అన్నట్టు. ఆమెని మా దగ్గరికి తీసుకొచ్చారు. అడుగుతున్నవాడు ఈ ప్రాంతం వాడు కాదు, ఎక్కడో పైనుంచి వచ్చినవాడు. హిందీ తప్ప మరో మాట రాదు. బంతమ్మ తన పేరు వాడికి అప్పటికే చెప్పేసింది. మా అమ్మ నోట అదే పేరు వస్తే చాలు.

"జాన్తీ హో ఇస్‌కో?" అన్నాడు. తెలుసా ఈమె అని.

"హా సాబ్. మేరా ఫూల్ హై." నా పువ్వు అంటున్న అమ్మ గొంతులో గర్వం కూడా ఉంది.

"నామ్ బోలో."

"ఫూల్ హై సాబ్. నామ్ నహీఁ లేతే."

పేరు అనకూడదు సాబ్, అంటోంది అమ్మ. పల్లె పేరు చెప్పింది. మొగుడి ఇంటిపేరు చెప్పింది. పిల్లలెందరో చెప్పింది. మోచేతి మీద ఏ పచ్చబొట్టుందో, వీపు మీద ఎక్కడ కాలిన మచ్చుందో చెప్పింది. వాడికి అవేవీ అక్కర్లేదు. వాడు "నామ్, నామ్" అంటున్నాడు. నేను అమ్మ భుజం పట్టుకుని కుదిపాను. "చెప్పవే, నీకు దండం పెడతా, చెప్పు!" నాకే తెలిస్తే అరిచి చెప్పేదాన్ని. నాకు తెలియదు. నన్ను కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసిన మనిషి పేరు నాకు తెలియదు.

అమ్మ పెదాలు కదిలాయి. బంతమ్మ వైపు చూసింది. బంతమ్మ కూడా అమ్మనే చూస్తోంది. చెప్పు అనలేదు, వద్దనలేదు. వాడికి నవ్వొచ్చింది. "ఫూల్ హై, లేకిన్ నామ్ నహీఁ మాలూమ్!" పువ్వట, పేరు మాత్రం తెలియదట, అని పక్కవాళ్ళకి చెప్పి నవ్వాడు. బంతమ్మని లారీ వైపు నడిపించారు. ఆమె గంప మా పట్టా పక్కనే ఉండిపోయింది.

"పేరు పలికితే దాని ప్రాణానికి నేనే ముప్పు తెచ్చినదాన్నయిత. అనకుంటే ఏమైతది, నాలుగు రోజులు కూసోబెట్టి పంపిస్తరు అనుకున్న." ఆ సాయంత్రం నుంచి అమ్మ ఇదే మాట. వాళ్ళు పంపలేదు. మర్నాడు అన్నం మూట కట్టుకుని శిబిరానికి పోతే మమ్మల్ని గేటు దగ్గరే ఆపేశారు. రెండోసారి పోయేసరికి వాళ్ళని ఇంకో శిబిరానికి మార్చామన్నారు. ఆ తర్వాత చాలామంది అక్కణ్ణుంచి పారిపోయి భద్రాచలం అడవుల వైపు వెళ్ళిపోయారని విన్నాం. ఎవరు వెళ్ళారో, ఎవరు పోయారో చెప్పే దిక్కు లేదు. బంతమ్మ పల్లె వైపు రోడ్డు లేదు, ఉన్న బాటలో అడుగు పెట్టాలంటే ప్రాణభయం. సంవత్సరాలు గడిచిపోయాయి.

ఊరు ఊరుకుంటుందా? ఆ రోజు సంగతి కిరాణా బెంచీ మీది చరిత్రలో చేరిపోయింది. "ఆ చేపలామె లేదూ, ఇంట్లో పెట్టుకుని తిండి పెట్టిన మనిషిని పట్టుకుని, తీరా తుపాకీ కనబడేసరికి ఎవరో తెలియదన్నట్టు నిలబడిందట!" పేరు తెలియక నేలచూపులు చూసినవాళ్ళే ఈ మాట అన్నారు. వాళ్ళు చెప్పనిదీ, మా అమ్మ చెప్పనిదీ ఒకటేనా? పైకి చూస్తే ఒకటే మరి. అదే నా కడుపుమంట. అమ్మ మాత్రం ఊరి మాట పట్టించుకోలేదు. ఆమెని తినేసింది వేరే మాట. "అది కూడ అట్లనే అనుకున్నదా? నేను భయపడి నోరు మూసుకున్ననని అనుకున్నదా?" సంతలో కూర్చోవడం మానేసింది. బంతమ్మ బతికుందో లేదో తెలియదు. ఉంటే తన గురించి ఏమనుకుంటోందో తెలియదు.

ఇప్పుడు రోడ్లు పడ్డాయి. అడవిలోకి కూడా నల్లటి తారురోడ్లు, మధ్యమధ్య ముళ్ళకంచెల క్యాంపులు, సెల్ టవర్లు. ఖాళీ అయిన పల్లెలకి మనుషులు తిరిగొస్తున్నారు. మా ఊళ్ళో ఎండుచేపల పక్కన ఫోన్ కవర్లు, చైనా బొమ్మలు అమ్ముతున్నారు. కింద గోదావరి మీద కడుతున్న ఆనకట్ట నిండితే మా ఊరు కూడా మునుగుతుందని ఒకరు, మునగదని ఒకరు. నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయో చెప్పడానికి ఎవరో వచ్చి గోడల మీద ఎర్ర గీతలు గీసి పోయారు. ఏడుస్తున్నవాళ్ళు నాకెవరూ కనబడలేదు. పరిహారం ఎంతొస్తుందని అడుగుతున్నవాళ్ళే.

ఈ వర్షాలకి అమ్మ మంచం పట్టింది. భద్రాచలం తీసుకెళితే డాక్టరు నన్ను పక్కకి పిలిచి, ఇంటికి తీసుకెళ్ళి కావలసినవి పెట్టండమ్మా అన్నాడు. నేను అమ్మకి చెప్పలేదు. చెప్పక్కర్లేకపోయింది. ఇంటికొచ్చాక నా చేయి పట్టుకుని ఒక్కటే అడిగింది.

"రోడ్డు పడ్డదంట గద. పోయి చూసి రా బిడ్డా. ఉన్నదా లేదా. ఉంటే, నా మీద ఏమున్నదో అడిగి రా."

"సరే పోతాను. పేరు చెప్పు. అక్కడ ఎవరని అడగను?"

"పల్లె తెలుసు గద నీకు. పోయి అడుగు."

"పేరు లేకుండా మనిషిని ఎట్లా వెతుకుతారే? ఆ రోజు చెప్పలేదు, ఇప్పుడైనా చెప్పు! ఎవరున్నారు ఇక్కడ, తుపాకులున్నాయా?" గట్టిగానే అరిచాను. చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద అరిచాను, అంత కోపం వచ్చింది నాకు.

"ఏందే, ఇన్నేండ్లు ఆపుకున్న. ఇప్పుడు తెంపుకొమ్మంటవా?" అని అటు తిరిగి పడుకుంది.

ఎండురొయ్యలు ఒక పొట్లం కట్టుకుని షేర్ ఆటో ఎక్కాను. రెండు చోట్ల ఆపి ఆధార్ కార్డు చూశారు. నేను పొద్దంతా పడుతుందనుకుని నీళ్ళ సీసా, అటుకులు తెచ్చుకున్నాను. అటుకుల మూట విప్పకముందే పల్లె వచ్చేసింది. ఇంత దగ్గరా! ఇన్నేళ్ళు అమ్మ ఏడ్చింది ఇంత దూరం గురించా! ఆటో దిగి ఆ తారురోడ్డు మీద నిలబడి, వచ్చిన దారివైపు వెనక్కి చూశాను.

కొత్త రేకుల ఇళ్ళున్నాయి. వాటి పక్కన పాత మట్టిగోడలు, పైకప్పు లేనివి, లోపల ఆముదం మొక్కలు మొలిచినవి. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటున్న ఒకామెని, "సంతలో చేపలమ్మేవాళ్ళం, మా అమ్మకి ఇక్కడ బంతి ఉండేది" అని మొదలుపెట్టాను. ఇంకేం చెప్పాలో తెలియక ఆగాను. ఆమె బిందె పక్కన పెట్టింది. "చేపల బంతి బిడ్డవా నువ్వు?" అని నా చేయి పట్టుకుని తీసుకుపోయింది. మేమేమో పేరు లేకపోతే ఎట్లా అని కొట్టుకున్నాం.

బంతమ్మ చూరు కింద కూర్చుని చింతపండులోంచి గింజలు తీస్తోంది. మనిషి సగమైంది. కళ్ళ మీద తెల్లగా పొర కమ్మింది. కోడలు నాకు పీట వేసింది. "బంతమ్మా, నేను. నీ బంతి కూతుర్ని" అన్నాను. చింతపండు చేతులతోనే నా మొహం తడిమింది. "చలిజ్వరం పిల్లవా?" అంది. నేను ఏడ్చేశాను. ఆవిడ ఏడవలేదు. నాన్న ఎప్పుడు పోయాడని అడిగింది, నాకు పిల్లలున్నారా అని అడిగింది. శిబిరం నుంచి పారిపోయి భద్రాచలం వైపు మిరపచేలల్లో కూలికి బతికామని, ఆమధ్య రోడ్డు పడ్డాకే తిరిగొచ్చామని చెప్పింది.

"మరి బంతయ్య?" అన్నాను. ఆవిడ మొగుణ్ణి చిన్నప్పుడు అలాగే అనేదాన్ని.

"ఆ దినం నేను సంతకొచ్చిన, ముసలాయన పసుల కాడ ఉన్నడు. ఉప్పు తెస్తనని చెప్పొచ్చిన. మళ్ళ చూడలే. మేం తిరిగొచ్చేసరికి ఇల్లు లేదు, మనిషి లేడు. ఎట్ల పోయిండో ఒక్కొక్కలు ఒక్కొక్క తీరు చెప్తరు." గింజ ఒకటి తీసి పక్కన పడేసింది.

అప్పుడు చెప్పాను. అమ్మ ఎందుకు నోరు విప్పలేదో, భయపడి కాదని, ఆమె ఆయుష్షు తగ్గుతుందని ఆపుకుందని, ఆ రోజు నుంచి ఈ రోజు వరకు సరిగా నిద్రపోలేదని, మంచంలో ఉందని, ఎంతో కాలం లేదని. మధ్యలో ఆపకుండా అంతా వింది.

"తెలుసు బిడ్డా. నా బంతి నాకు తెల్వదా? అది అనదని నాకు తెలుసు. లారీల కూసుని గూడ, అనకు బంతీ, అనకు, అనుకున్న." నాకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. ఇక లేచి పరిగెత్తుకుంటూ అమ్మ దగ్గరికి పోవాలనిపించింది. కానీ ఆవిడ ఇంకా అయిపోలేదు. "తెల్లారి అనుకున్న, అనుంటే బాగుండు అని. అనుంటే పొద్దుగూకేలోపు ఇంటికి పోదును. ఆయన కాడ ఉందును. బతికితే ఇద్దరం బతుకుదుము, పోతే ఇద్దరం పోదుము. ఆయుష్షంతా నాకే మిగిలింది. ఏం జేసుకోవాలె దాన్ని?"

పొట్లం ఆవిడ ఒళ్ళో పెట్టి లేచాను. అప్పుడు ఆవిడ మా అమ్మ పేరు పలికింది. పూర్తి పేరు, ఎక్కడా తడబడకుండా, నెమ్మదిగా. ఆ పేరు చెప్పి, "ఆమెతోని చెప్పు, నాకు కోపం లేదని" అంది. వాకిలి ఊడుస్తున్న కోడలు చీపురు ఆపేసి నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ముసలితనంలో మరిచిపోయి అందేమో అనుకున్నాను. ఆవిడ మొహం నా వైపే ఉంది. "పేరు పెట్టి అన్ననని గూడ చెప్పు. ఇగ ఈ ముడి నేను మోయలేను బిడ్డా" అంది.

ఆటోలో దారంతా అబద్ధం అల్లుకుంటూ వచ్చాను. ఇంటికొచ్చేసరికి అమ్మ మేలుకునే ఉంది. "ఉన్నదా?" అంది. ఉందన్నాను. అమ్మ మొహంలో అంత వెలుగు నేను ఎన్నేళ్ళుగానో చూడలేదు. దిండు ఎత్తి పెట్టించుకుని కూర్చుంది. జుట్టు నెరిసిందా, ఏం తింటోంది, కోడలు బాగా చూసుకుంటోందా, ఒకటే ప్రశ్నలు. వరదలో శబరి దాటి ఒడ్డెక్కినంత సంబరంగా అడిగింది. బంతయ్య సంగతి చెప్పినప్పుడు కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత అడిగింది.

"నన్ను ఏమన్నది?"

"కోపం లేదంది. బంతి ఎట్లుందని అడిగింది."

"బంతి అన్నదా?"

"అంది."

అమ్మ నా కళ్ళలోకి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను. చేపలమ్మే మనిషికి కాటాలో మోసం చెప్పక్కర్లేదు.

"పేరన్నదా?" అంది. నేను తలూపాను.

అమ్మ దిండుకి తల ఆనించుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చుని పాదాలు పట్టుకున్నాను, చల్లగా ఉన్నాయి. ఇక నిద్రపోయిందేమో అనుకుంటుండగా నోరు తెరిచింది. అప్పుడు విన్నాను బంతమ్మ పేరు. రెండే అక్షరాలు. ఇంతేనా అనిపించింది నాకు. రెప్పపాటు కూడా పట్టదు అనడానికి. అమ్మ గోడ వైపు చూస్తూ, సంతలో ఎండలో నిలబడ్డట్టే నడుం నిటారుగా పెట్టుకుని, "సాబ్, మై జాన్తీ హూఁ. ఇస్‌కా నామ్" అని, ఆ పేరు చెప్పింది. వాడు వినలేదనుకుందో ఏమో, మళ్ళీ చెప్పింది. ఊపిరి అందనప్పుడు ఆగి, అందగానే మళ్ళీ చెప్పింది. ఇంట్లో అది వినడానికి నేను తప్ప ఎవరూ లేరు.